ఫ్రౌ లోరెంజ్ ఇంట్లో కాలిఫోర్నియా వైన్

పోయిన శనివారం మ్యూనిక్ పక్కన గార్చింగ్‌లో మా ఇంటికి మా ఆయన ఆఫీసు స్నేహితుడు కిరణ్, అతని భార్య భోజనానికి వచ్చారు. కిరణ్ ఆఫీసు పని మీద కాలిఫోర్నియా వెళ్ళి, అక్కడి నుంచి ఒక ఎర్ర వైన్ సీసా మోసుకొచ్చాడు. పప్పు, గుత్తి వంకాయ, పెరుగు పచ్చడి మధ్య ఆ సీసా కొత్తల్లుడిలా బిగుసుకుని కూర్చుంది. అందరికీ పోశాక నేను నా గ్లాసు తీసుకుని, అలవాటు కొద్దీ ఒకసారి తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి అలాగే ఉండిపోయాను. "ఏందొదినా, అంతసేపు వాసన చూస్తున్నరు? ఏమన్న ఖరాబైందా?" అని కిరణ్ కంగారు పడ్డాడు. నేను జవాబిచ్చే లోపే మా అమ్మాయి పళ్ళెంలోంచి తల ఎత్తకుండా "మామా మాఖ్ట్ దాస్ ఇమ్మర్" అంది. అమ్మ ఎప్పుడూ ఇంతే అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వైన్ బాగానే ఉంది. వాళ్ళు వంకాయ కూర గురించి, ఇళ్ళ అద్దెల గురించి మాట్లాడుకుంటున్నంతసేపూ నేను మాత్రం కైసర్స్‌లౌటర్న్‌లో, ఫ్రౌ లోరెంజ్ ఇంటి ముందుగదిలో, చేతిలో గ్లాసులు తుడిచే గుడ్డతో నిలబడి ఉన్నాను.

నేను చదువుకోవడానికి ఆ ఊరు వచ్చిన రోజుల్లో యూనివర్సిటీ బస్సు ఎక్కితే సగం బస్సు తెలుగే వినపడేది. మావాళ్ళు ఎదురైతే "తిన్నారా" అని కాదు, "టెర్మిన్ దొరికిందా" అని పలకరించుకునేవాళ్ళం. వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే రమ్మని ఒక తేదీ, దొరకడం ఒక గండం, గది దొరకడం అంతకు మించిన గండం. చదువవ్వాలి, ఉద్యోగం రావాలి, ఇక్కడే ఉండి పనిచేసుకోనిచ్చే బ్లూ కార్డ్ చేతికందాలి, నిజమే, కానీ ముందు తల దాచుకోవడానికి ఇంత చోటు ఉండాలిగా. జగిత్యాల నుంచి వచ్చిన నాకూ, తెనాలి నుంచి వచ్చిన సునీతకూ ఆ చోటు ఇచ్చింది ఫ్రౌ లోరెంజ్, అంటే లోరెంజ్ గారు. తన ఇంటి పైకప్పు కింద ఉన్న రెండు చిన్న గదులు మాకు అద్దెకిచ్చింది. ఆవిడకి డెబ్బై దాటాయి. పొట్టి మనిషి, పొట్టి జుట్టు, వెన్ను మాత్రం నిటారు. భర్త వైన్ వ్యాపారం చేసేవాడట. ఆయన పోయాక వ్యాపారం వదిలేసినా, వైన్ రుచి చూసి మార్కులు వేసే పని మాత్రం ఆవిడ వదల్లేదు. ఊరి పక్కన అమెరికన్ సైనికుల పెద్ద స్థావరం ఉంది. వాళ్ళ పెళ్ళిళ్ళు, పార్టీలు జరిగే హోటళ్ళలో వాళ్ళ దేశపు వైన్ ఉండి తీరాలి. కాస్త దూరం వెళితే ఎటు చూసినా ద్రాక్షతోటలే ఉన్నచోట కూర్చుని సముద్రాల అవతలి వైన్ తాగడమేమిటని అక్కడి జర్మన్లు మూతి తిప్పుకునేవాళ్ళు గానీ, బేరం బేరమే. కాలిఫోర్నియా నుంచి సరుకు తెప్పించే వర్తకుడు ముందుగా నమూనా సీసాలు ఫ్రౌ లోరెంజ్‌కి పంపేవాడు. ఆవిడ వేసిన మార్కులు చూసి హోటళ్ళవాళ్ళు కొనేవాళ్ళు. ఒక్క ముక్కు మీద నడిచే ఇల్లది.

అందుకని ఆ ఇంట్లో దేవుడి గది లేదు గానీ మడి మాత్రం ఉండేది. నేల తుడవడానికి ఒట్టి వేడినీళ్ళే, సువాసనల సబ్బునీళ్ళు కూడదు. గ్లాసులు కూడా సబ్బు తగలకుండా వేడినీళ్ళతో కడిగి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుగుడ్డతో తుడవాలి. రుచి చూసే రోజున ఎవరూ సెంటు పూసుకోకూడదు, తలకి కొబ్బరినూనె రాయకూడదు, అగరువత్తి వెలిగించకూడదు. అన్నిటికంటే పెద్ద నిషేధం పోపు మీద. అద్దెకు దిగిన మొదటివారం సునీత వంటింట్లో ఆవాలు చిటపటలాడించిందో లేదో, ఫ్రౌ లోరెంజ్ తోటలోంచి పరుగున వచ్చి కిటికీలన్నీ తెరిచి, ఆ వేళ రావలసినవాళ్ళకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడంతోనే మాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరువాత వారంలో రుచి చూసే ఆ ఒక్కరోజు మేమిద్దరం పైగదిలో తలుపేసుకుని పెరుగన్నం తినేవాళ్ళం. "ఏం ముక్కే బాబూ అది! మా అత్తకుంటే మా మావ చుట్ట ఎప్పుడో మానేసేవాడు," అని సునీత గొణుక్కునేది.

ఆవిడ చేతికింద నేను ఎలా చేరానంటే, మొదట్లో గ్లాసులు కడగడానికి, సీసాలకి కాగితపు సంచులు తొడిగి పేర్లు కనపడకుండా నంబర్లు వేయడానికి. ఒక రోజు ఆవిడ "నువ్వూ రుచి చూడు, ఎంతసేపు తుడుస్తావు" అని ఒక గ్లాసులో అడుగున కాస్త తెల్ల వైన్ పోసి ఇచ్చింది. మా ఇంట్లో మందు ముట్టినవాళ్ళు లేరు. అమ్మకి చెబితే ఏమంటుందో అన్న భయం ఒకవైపు, ఇన్నాళ్ళుగా కడుగుతున్న గ్లాసుల్లో ఏముందో తెలుసుకోవాలన్న తహతహ ఒకవైపు. గ్లాసు అందుకుని, తల వెనక్కి వంచి, జానెడు ఎత్తు నుంచి నోట్లో పోసుకున్నాను. చెంబుతో నీళ్ళు తాగినట్టు, అంచుకి పెదవి తగలకుండా. ఇంకొకళ్ళు వాడే గ్లాసు కదా, ఎంగిలి చేయకూడదని నా చేతికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలుసు. ఫ్రౌ లోరెంజ్ కళ్ళజోడు తీసి నన్ను చూసింది. "నువ్వు తాగావా, పూలకుండీకి నీళ్ళు పోశావా?" అంది. తరువాత నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. వైన్‌లో సగం రుచి నాలుక మీద కాదు, ముక్కులో ఉంటుందనీ, పెదవి అంచుకి ఆనితేనే ముక్కు గ్లాసులోకి దిగుతుందనీ ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. ఎంగిలి పట్టింపు వదులుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. నలుగురి ముందు బకెట్‌లో ఉమ్మడానికైతే ఇంకా ఎక్కువ పట్టింది. పెద్దవాళ్ళ ఎదుట ఉమ్మితే మా బాపమ్మ వీపు చిట్లగొట్టేది మరి. ఇక్కడ పెద్దావిడే దగ్గరుండి, పలచగా, తుంపర పడకుండా ఎలా ఉమ్మాలో నేర్పించింది.

ముందు తెల్లవి, తరువాత ఎర్రవి. తెల్లవాటిలో షార్డొనే అనే రకం చెక్క పీపాలో ఉండి వస్తే అప్పుడే తీసిన వెన్నపూస వాసన, పీపా చూడకుండా వస్తే కోసిన పచ్చి ఆపిల్ వాసన. సోవిన్యోన్ తెల్ల వైన్‌కి పచ్చిగడ్డి కోసినప్పటి గాలి. ఎర్రవాటిలో జిన్‌ఫాండెల్ ఉంటుంది, అది కాలిఫోర్నియా వాళ్ళ ముద్దుబిడ్డ. ఆవిడ అందులో బ్లాక్‌బెర్రీ అనేది, నేను అచ్చం నేరేడుపండనేదాన్ని. నేరేడుపండు ఎలా ఉంటుందో చెప్పమనేది. నాలుక ఊదాగా మారుతుందని, తిన్నాక గొంతు పట్టేస్తుందని నేను వచ్చీరాని జర్మన్‌లో చెబితే శ్రద్ధగా విని, "ఆ గొంతు పట్టడం ఉంది చూశావూ, దానికీ మార్కు ఉంది" అనేది. రంగు చూడాలి, కదపకుండా వాసన చూడాలి, తిప్పి మళ్ళీ చూడాలి, నోట్లో పుక్కిలించాలి, ఉమ్మేశాక ఆగాలి. ఆవిడ దృష్టిలో ఈ ఆగడమే అసలు పని. నోట్లో ఉన్నంతసేపూ ఏ వైనైనా నీకు మస్కా కొడుతుందని, ఉమ్మేశాక మిగిలేదే దాని గుణమని అనేది. ఆ మాట మనుషులకి కూడా వర్తిస్తుందని నాకప్పుడు తోచింది గానీ ఆవిడ ఆ అర్థంలో అనలేదు. ఆవిడ వైన్ గురించి మాట్లాడితే వైన్ గురించే మాట్లాడేది.

రెండో చలికాలంలో ఆవిడకి గట్టి జలుబు చేసింది. మంచం దిగడానికి చాలా రోజులు పట్టింది. లేచాక మళ్ళీ బల్ల దగ్గర కూర్చుంది, మళ్ళీ నమూనాలు వచ్చాయి, మళ్ళీ మార్కులు పడ్డాయి. మారింది ఒక్కటే. అంతకుముందు నా కుర్చీ ఆవిడ పక్కన ఉండేది, ఇప్పుడు ఎదురుగా వేయించింది. కిటికీ వెలుతురు అటువైపు బాగుంటుందంది. నేనూ అదే అనుకున్నాను. కరోనా వచ్చి వాసన పోవడమంటే ఏమిటో లోకానికంతటికీ తెలిసొచ్చే రోజులు ఇంకా రాలేదు.

ఒక ఉదయం సునీత పరీక్షల హడావిడిలో అది రుచి చూసే రోజని మరిచిపోయి చారుకి పోపు పెట్టింది. ఆవాలు, వెల్లుల్లి, చిటికెడు వేయబోయి చెంచాడు వేసిన ఇంగువ. నేను మెట్లు దిగేసరికి వంటింట్లోనే కాదు, ముందుగదిలో, కోట్లు తగిలించే చోట, అంతటా ఇంగువే. కొంప మునిగిందనుకుని నేను కిటికీ వైపు పరుగెత్తుతుంటే ఫ్రౌ లోరెంజ్ లోపలికి వచ్చింది. రొట్టె తీసి, నిదానంగా రెండు ముక్కలు కోసుకుని, "ఇవాళ చలి తగ్గినట్టుంది కదూ" అని వెళ్ళిపోయింది. సునీత గరిటె అలాగే పట్టుకుని ముక్కున వేలేసుకుంది.

"ఏంటే, ఏం అనకుండా పోయింది? నేనింక మూటాముల్లె సర్దుకోవడమే అనుకున్నా!"

"ఆమెకు వాసన వస్తలేదే సునీతా."

"జలుబేమోలే."

"జలుబెప్పుడో పాయె."

ఎవరూ రాకముందే ఇద్దరం కిటికీలన్నీ తెరిచాం. వాసన తెలియని మనిషి వైన్‌కి మార్కులు వేస్తోందని బయట తెలిస్తే మరునాడు ఒక్క సీసా ఆ గుమ్మం తొక్కదు. ఆవిడకి పిల్లలు లేరు. పొద్దున లేచి ఇస్త్రీ చేసిన నూలు చొక్కా వేసుకుని, నిటారుగా కూర్చుని, నలుగురు తన మాట కోసం ఎదురుచూడటమే ఆవిడ బతుకు. "చెప్పకే," అంది సునీత గొంతు తగ్గించి. "తట్టుకోలేదు పెద్దావిడ. అయినా మార్కులు బానే వేస్తోందిగా, ఎవరూ వంక పెట్టట్లేదుగా." నిజమే, ఎవరూ వంక పెట్టలేదు. నేను రుచి చూసి బాగుందనుకున్నవాటికి ఆవిడా మంచి మార్కే వేస్తోంది. అన్నేళ్ళ అనుభవం కదా, రంగు చూసి, నాలుక మీది పులుపు చూసి చెప్పేస్తోందనుకుని నేను ఆశ్చర్యపోయాను, ఊరట పడ్డాను, ఊరుకున్నాను.

వసంతంలో ఏడాదికల్లా పెద్ద రుచి చూసే రోజు వచ్చింది. ఎండాకాలపు పెళ్ళిళ్ళకి కావలసిన వైనంతా ఆ రోజే తేలిపోతుంది. పెద్ద హోటల్ నడిపే బ్రాంట్ అనే ఆయన వచ్చాడు, సరుకు తెప్పించే వర్తకుడు వచ్చాడు. పోయిన ఏడు ద్రాక్ష కోతలకి ముందు కాలిఫోర్నియా కొండల్లో అడవులు తగలబడ్డాయని, అయినా తమ తోటలకి ఏమీ కాలేదని వర్తకుడు ముందే చెప్పి పెట్టాడు. తెల్లవి సాఫీగా అయిపోయాయి. ఎర్రవాటిలో నాలుగోది నేను ముక్కుకి దగ్గర పెట్టుకున్నానో లేదో, జగిత్యాలలో మా బాపమ్మ వంటింట్లో ఉన్నాను. వానాకాలం, వంట అయ్యాక కట్టెల పొయ్యి మీద ఆమె చేత్తో నీళ్ళు చిలకరించేది. అప్పుడు లేచే తడి బూడిద వాసన. పొయ్యి పక్కన చెక్కపీట మీద నేను, ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చలిగా. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయనుకుంటాను. నేను తల ఎత్తేసరికి ఫ్రౌ లోరెంజ్ తన గ్లాసు అంచు మీదుగా నన్నే చూస్తోంది. గ్లాసు దించి, "ఇదీ!" అంది. ముదురు చెర్రీలని, మఖమల్ లాంటి నునుపని, ఈ ఏటి సరుకంతటిలో ఇదే పైదని అంది. బ్రాంట్ కూడా వాసన చూసి, వైన్ నిలవ పెట్టడానికి లోపల కాల్చిన పీపా వాసనేమో బాగా తెలుస్తోందని, ఆవిడ అంతగా చెబుతోంది కాబట్టి పెళ్ళిళ్ళకంతా ఇదే తీసుకుంటానని అన్నాడు.

నేను పుక్కిలించి ఉమ్మాను. ఆగాను. పండు పోయింది, పులుపు పోయింది, బూడిద మాత్రం పోలేదు. నీళ్ళు తాగినా పోలేదు. పీపా వాసన ఇలా నాలుక మీద పేరుకుని కూర్చోదు. ఇది కాలిన అడవి పొగ, ద్రాక్షతొక్కకి పట్టి వైన్‌లోకి దిగింది. పెళ్ళిలో రెండో గ్లాసు తాగేసరికి ఎవరైనా కనిపెడతారు. అప్పుడు ఆవిడ పేరు ఊళ్ళో ఏమవుతుంది? నలుగురిలో నోరు తెరిచి పెద్దావిడని తప్పని ఎలా అనను? మా ఇంట్లో ముందుగదిలో చుట్టాలుండగా నాన్న ఏదైనా పొరపాటు మాటిచ్చేలా ఉంటే అమ్మ ఎదురుచెప్పేది కాదు. వంటింటి గుమ్మంలో నిలబడి "ఒక్కసారి ఇట్లొస్తరా" అని పిలిచేది. నాన్న లోపలికెళ్ళి వేరే మాటతో బయటికొచ్చేవాడు. నాకు తెలిసిన దారి అదొక్కటే. వంటింట్లోకి నడిచి, గుమ్మం పట్టుకుని, "ఫ్రౌ లోరెంజ్, రొట్టె ఎక్కడుందో కనపడట్లేదు, ఒకసారి వస్తారా" అన్నాను. రొట్టె నా ఎదురుగానే ఉంది.

ఆవిడ వచ్చాక తలుపు దగ్గరగా వేసి, "నాలుగోది మంచిది కాదు," అన్నాను.

"కాదా? మరి నువ్వు నవ్వావుగా!"

ఆ మాట అనేశాక ఆవిడ చెయ్యి నోటి మీదికి వెళ్ళింది. కుర్చీ ఎదురుగా ఎందుకు వేయించిందో, ఆ చలికాలమంతా మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్కసారిగా అర్థమైంది. ఆ నవ్వు వైన్‌ని చూసి కాదని, మా బాపమ్మ పొయ్యి గుర్తొచ్చి నవ్వానని, నోట్లో బూడిద మిగిలిపోతోందని చెప్పాను. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. తనకి వాసన పోయిందని ఎప్పటి నుంచి తెలుసని అడిగింది. మేము పోపు పెట్టిన రోజు నుంచి అన్నాను.

"పెట్టారా? ఎప్పుడు?" అంది. తరువాత చాలా మెల్లగా, "కాఫీ కూడా నాకు వేడినీళ్ళే. నా దుప్పటి కూడా నాది కానట్టుంటుంది. ఈ బల్ల దగ్గర నుంచి కూడా లేచిపోతే ఇంక నేనెవర్ని చెప్పు?" అంది.

"మళ్ళీ ఒకసారి రుచి చూసినట్టు చేసి మార్కు మార్చండి. నేను ఎవరికీ చెప్పను," అన్నాను. అది మనస్ఫూర్తిగానే అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను.

ఆవిడ కాసేపు నా వైపు చూసింది. లేచి, చొక్కా సవరించుకుని, రొట్టె పళ్ళెం తనే పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళింది. కూర్చోలేదు. "చలికాలం నుంచి నాకు వాసన తెలియదు," అంది. "ఈ అమ్మాయి ముఖం చూసి మార్కులు వేశాను. నాలుగోదానికి ఆమెకి వాళ్ళ నాయనమ్మ గుర్తొచ్చింది, నేను వైన్ బాగుందనుకున్నాను. అది కొనకండి."

బ్రాంట్ ముఖం ఎర్రబడింది. "అయితే పోయిన నెల నేను కొన్నవి?"

"ఆమె ముఖం చూసి కొన్నారు. బాగున్నాయా లేదా?"

బాగున్నాయని ఆయన ఒప్పుకోక తప్పలేదు. నా వైపు తిరిగి, అయితే నువ్వే చెప్పు, నాలుగోదానిలో ఏముందని అడిగాడు. నేను నాకు చేతనైన జర్మన్‌లో "ఫీర్ ఇస్ట్ ఆషె" అన్నాను. నాలుగోది బూడిద. ఆయన గ్లాసు తీసుకుని మళ్ళీ పుక్కిలించి, ఉమ్మి, ఈసారి ఆగాడు. ఆగిన తరువాత కోటు వేసుకున్నాడు. మళ్ళీ రాలేదు. ఇంకెవరూ రాలేదు. వర్తకుడు ఒకసారి మాత్రం ఫోన్ చేసి ఆ పని ఈ అమ్మాయి చేస్తుందా అని అడిగితే, "ఆమె చదువుకోవడానికి వచ్చింది, నా కుర్చీలో కూర్చోడానికి కాదు" అని పెట్టేసింది.

ఆ ఇంట్లో ఆ తరువాత కూడా ఏడాదికి పైగా ఉన్నాను. రుచి బల్ల మా ముగ్గురి భోజనం బల్ల అయింది. ఆవిడ కొన్నాళ్ళు పొద్దున్నే చొక్కా వేసుకుని వచ్చి, చేయడానికేమీ లేక, గ్లాసులన్నీ తీసి మళ్ళీ తుడిచి పెట్టేది. అది చూడటం కష్టంగా ఉండేది. కానీ నా ముఖం చూసే అలవాటు మాత్రం ఆవిడని వదల్లేదు. రొట్టెకి వెన్న రాసుకుంటూ తల ఎత్తి, "ఇంటి నుంచి ఫోన్ రాలేదా?" అనేది. "పరీక్ష సరిగ్గా రాయలేదు కదూ" అనేది. ఉద్యోగం వచ్చిందని నేను నోరు తెరవకముందే లేచి నిలబడి చేతులు చాచింది. ఒక్కసారి కూడా తప్పలేదు. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు అంతకుముందు లేరు, మా అమ్మ కూడా అంతలా చూడలేదు. అప్పట్లో అది నాకు మొహమాటంగా ఉండేది, చాటుకి పోవాలనిపించేది.

బ్లూ కార్డ్ వచ్చింది, మ్యూనిక్ వచ్చాను, పెళ్ళయింది, అమ్మాయి పుట్టింది. ఇప్పుడు ఇంట్లో ముగ్గురం మూడు తెరల వైపు చూస్తుంటాం. నేనూ అందుకు మినహాయింపు కాదు. మా అమ్మాయి స్కూల్లో ఏడ్చిన సంగతి టీచరు మెయిల్ పెడితే గానీ నాకు తెలియలేదు. అప్పుడు మాత్రం ఫ్రౌ లోరెంజ్ గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది.

ఈ చలికాలంలో ఆవిడ పోయింది. సునీత ఇప్పటికీ ఆ ఊళ్ళోనే ఉంది కాబట్టి తనే మెసేజ్ పెట్టింది. అప్పుడు నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. కెమెరా ఆన్‌లోనే ఉంది. తెర మీద వరసగా అందరి ముఖాల మధ్య నా ముఖం కూడా ఉంది. మెసేజ్ చదివాను. నా వంతు వచ్చింది, నేను చెప్పాల్సింది చెప్పాను. మీటింగ్ అయిపోయేదాకా నా ముఖం చూసి ఏమైందని ఎవరూ అడగలేదు.